నలభై కుటుంబాల అర్జీ

11 జనవరి 2021, సోమవారం

వృద్ధుల్ని చూసుకునే మా నర్సింగ్ హోంలో నేను రోజూ గడ్డం గీసే పెద్దాయనకి పాజిటివ్ వచ్చింది. నాకు రాలేదు. అయినా పద్నాలుగు రోజులు గుమ్మం దాటొద్దన్నారు. ముందుగదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి ముందుగదిలోకి కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. మా ఆవిడ మార్తా బోమాంట్ ఆస్పత్రిలో నర్సు డ్యూటీ దిగి వచ్చి చూసింది. "క్రిస్మస్‌కి మీ హోం వాళ్ళిచ్చిన డైరీ ప్రెస్సులో పడుంది. అందులో రాసుకోండి, నా బుర్ర తినకుండా" అంది. అలమరని ప్రెస్సు అనడం ఈ దేశంలో నేర్చింది. సరే, రాస్తున్నాను. ఎవరూ చదవరు కాబట్టి దస్తూరి గురించి భయం లేదు.

మధ్యాహ్నం రోజాంజెలా ఫోన్ చేసింది, మేం ఆదివారాలు ప్రార్థన చేసుకునే హాల్లోనే కలిసే బ్రెజిల్ వాళ్ళ సంఘాన్ని నడిపే ఆవిడ. ఓస్వాల్డో పోయాడట. మాంసం ఫ్యాక్టరీలో వైరస్ అంటుకుంది, పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ బ్రెజిల్ వాళ్ళ డప్పుల బృందానికి పెద్ద ఆయనే. అంత్యక్రియలకి పదిమందినే రానిస్తారు కదా, మిగతావాళ్ళు హాలు యార్డులో దూరం దూరంగా నిలబడి, శవపేటిక కారు గేటు ముందు ఆగినప్పుడు ఐదు నిమిషాలు డప్పులు కొడతామని అడిగారట. హాలు సొంతదారులైన ట్రస్టువాళ్ళు కుదరదన్నారట. డప్పుల మీద పాత ఫిర్యాదు ఒకటి ఫైల్లో ఉందట.

"మీరు అర్జీలు బాగా రాస్తారని మీ అమ్మాయి అబిగేయిల్ చెప్పింది. మా కోసం ఒకటి రాయండి మిస్టర్ దానం" అంది. ఏడుస్తోంది.

రాస్తానన్నాను. తర్వాత "ఫిర్యాదా? ఎవరు చేసుంటారో!" అని కూడా అన్నాను. ఎవరూ అడగలేదు ఆ మాట.

12 జనవరి

ఆ ఫిర్యాదు నాది కాదు. నాది 2019 నవంబరు నాటిది. అంత పాతది ఎవరు దాచుకుంటారు?

13 జనవరి

నాదే అయితే మాత్రం ఏం రాశానని?

రేపల్లెలో ఎమ్మార్వో ఆఫీసు ఎదుట, జిరాక్స్ షాపు వసారాలో, సుందరరామయ్య గారి టైపు మిషను పక్కన ఆరేళ్ళు కూర్చున్నాను. ఆయన చెప్పిన పాఠం ఒకటే. "ఒరే దానం, చెయ్యి విరిగిందని రాస్తే గుమాస్తా కాగితం పక్కన పడేస్తాడు. ప్రాణం మీదికొచ్చిందని రాస్తే కనీసం చెయ్యి సంగతి అడుగుతాడు." బోరింగు పాడైతే, ఊరు ఊరంతా దప్పికతో అల్లాడుతోందని రాసేవాళ్ళం. రాసేవాడికీ తెలుసు, చదివేవాడికీ తెలుసు, గోరంతని కొండంత చేశామని. చదివేవాడు కొండని మళ్ళీ గోరంత చేసుకుని బోరింగు బాగు చేయించేవాడు. అందులో మోసపోయినవాడు లేడు. అది అబద్ధం కాదు, పద్ధతి.

ఇక్కడ జరిగిందీ అంతే. ఆదివారం మూడు నుంచి ఐదు దాకా మన తెలుగు సహవాసం. ఐదు నుంచి బ్రెజిల్ వాళ్ళది. వాళ్ళు నాలుగు నలభైకే యార్డులో మొదలుపెట్టేవాళ్ళు. మా పాస్టరు జోజి అయ్యగారు ముగింపు ప్రార్థనలో ఉంటే బయట ఢమఢమ. ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు ఆపించడానికి రాశాను. నలభై కుటుంబాలు భయంతో వణుకుతున్నాయని, ఒక వృద్ధుడి గుండె ఆగినంత పనైందని, పసిపిల్లలు జ్వరాలు పడుతున్నారని, ప్రాణనష్టం జరగకముందే చర్య తీసుకోవాలని. కింద "బాధిత కుటుంబాలు" అని పెట్టాను, పేరు లేకుండా. క్రైస్తవుణ్ణయ్యుండీ ఆకాశరామన్ననయ్యాను.

రాసిందంతా రాసినట్టే చదువుతారని ఈ దేశంలో నాకెవరైనా చెప్పారా?

18 జనవరి, సోమవారం

ఓస్వాల్డో అంత్యక్రియలు ఇవాళ. నేను కిటికీ దగ్గర. రాస్తానన్న అర్జీ రాయలేదు. అబిగేయిల్ స్కూలు ఆన్‌లైన్ క్లాసు వదిలేసి వెళ్ళింది. పోయిన వేసవిలో ఆంక్షలు సడలించినప్పుడు ఆయన దగ్గరే డప్పు నేర్చుకుంది. పదహారేళ్ళ పిల్ల, నా మాట వినే వయసు దాటింది.

నిండా తడిసి వచ్చింది. డప్పులు భుజాలకి తగిలించుకునే నిలబడ్డారట. యార్డు గేటుకి తాళం. రోడ్డు పక్కన, వానలో, ముప్ఫైమంది. కారు ఆగింది. గార్డుల బండి, అంటే ఇక్కడి పోలీసులది, కూడా వచ్చి నిలబడింది. ఎవరూ కొట్టలేదట.

"నాట్ వన్ సౌండ్, డాడ్. దే జస్ట్ హెల్డ్ దెమ్" అంది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

మధ్యాహ్నం అన్నం సహించలేదు. వైరస్ లక్షణమేమోనని టెంపరేచర్ చూసుకున్నాను. లేదు.

19 జనవరి

టెంపరేచర్ లేదు.

2 ఫిబ్రవరి, మంగళవారం

ఇంకో దెబ్బ. హాలు లీజు ఏప్రిల్ ముప్ఫైతో అయిపోతుందట, పొడిగించరట. ట్రస్టువాళ్ళు ఉత్తరంలో "హాలు వాడేవారి భద్రతకి సంబంధించిన తీవ్రమైన ఫిర్యాదు" అని రాశారట. స్టోర్‌రూముగా ఎవరికో ఇచ్చేస్తారని రోజాంజెలా అంటోంది.

లీజు బ్రెజిల్ వాళ్ళ సంఘం పేరు మీదే ఉంది. మనం వాళ్ళ చలవతో ఆ రెండు గంటలు కూర్చుంటున్నాం. ఈ సంగతి 2019లో నాకు తెలీదు. తెలిసుంటే ఎవడైనా కూర్చున్న కొమ్మని నరుక్కుంటాడా?

ఆ హాల్లో వాళ్ళేం చేస్తారో ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు డ్యూటీకి పోతూ వస్తూ చూస్తున్నాను. శనివారం పిల్లలకి పోర్చుగీసు బడి ఉండేది, ఇప్పుడది ఫోన్లోకి పోయింది. వేదిక మీద పండగ బట్టలు కుట్టే మిషన్లు రెండు ఉండేవి, వాటి మీద మాస్కులు కుట్టారు. పని పోయినవాళ్ళకి బియ్యం, చిక్కుడు గింజలు సంచుల్లో కట్టి గేటు దగ్గర ఇస్తున్నారు. సైకిళ్ళ మీద పార్సిళ్ళు మోసే కుర్రాళ్ళు హెల్మెట్లు తీయకుండానే అందుకుని పోతున్నారు. ఆ వీధిలో వాళ్ళకి అదొక్కటే సొంతచోటు. మనకీ అదొక్కటే.

జోజి అయ్యగారు ఫోన్ చేశారు. "వందనాలు బ్రదర్. హాలు పోతే మన సంఘం పోయినట్టే. కలం పట్టుకుంటే మీ తర్వాతే ఎవరైనా. రాయండి" అన్నారు.

రాస్తానన్నాను. ఇద్దరికీ రాస్తానన్నాను.

5 ఫిబ్రవరి

కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే కూర్చోవాలనిపిస్తుంది. నాలుగు చిత్తులు చింపాను. ఐదోది కుదిరింది. ఆ హాలు మూతపడితే నలభై తెలుగు కుటుంబాలు దిక్కులేనివవుతాయని, రెండు జాతుల కళలు సమూలంగా నశిస్తాయని, వందలాది పసిపిల్లలు వీధిపాలవుతారని. సుందరరామయ్య గారు ఉంటే భుజం తట్టేవారు.

మంచి అర్జీ రాశాక లెక్క సరిపోయినట్టే కదా. ఒక ఉత్తరంతో చెడింది ఇంకో ఉత్తరంతో బాగుపడుతుంది.

8 ఫిబ్రవరి, సోమవారం

అబిగేయిల్‌ని టైపు చేసి పెట్టమన్నాను. రెండు లైన్లు కొట్టి ఆగింది.

"ఫార్టీ ఫ్యామిలీస్? డాడ్, వియార్ ఎలెవెన్."

"ఉంటే ఉన్నాంలేవే. పద్ధతి అది."

"దట్స్ నాట్ ఎ పద్ధతి. దట్స్ ఎ లై."

నలభైని కొట్టేసి పదకొండు పెట్టింది. నశిస్తాయి తీసేసింది. వందలాది తీసేసింది. రెండు పేజీల అర్జీ తొమ్మిది లైన్లయింది. ఎముకల గూడులా ఉంది. దీనికి ఎవడు కదులుతాడు? అదే పంపించింది.

పదకొండు. చిన్న అంకె. డైరీలో రాయడానికే చెయ్యి రావడం లేదు.

21 ఫిబ్రవరి

జవాబు లేదు. డ్యూటీ, నడక, డ్యూటీ. లాక్‌డౌన్‌లో తిరగనిచ్చే ఐదు కిలోమీటర్లలో ఎటు బయల్దేరినా కాళ్ళు ఆ వీధిలోకే పోతున్నాయి. రోజాంజెలా చెయ్యి ఊపింది. అవతలి పేవ్‌మెంట్ మీదికి మారాను. దూరం పాటించాలి కదా.

12 మార్చి, శుక్రవారం

ట్రస్టువాళ్ళు ఫిర్యాదు కాపీ ఇచ్చారు. రోజాంజెలా అడిగిందట. దాన్ని ఆమె అబిగేయిల్‌కి ఫోన్లో పంపింది, "మీ నాన్నకి చూపించు, ఎవరు రాశారో ఆయన కనిపెడతాడు" అని.

నేను టీ పెడుతున్నాను. అబిగేయిల్ వెనకాల నిలబడి మొత్తం చదివింది, పైకి. నలభై కుటుంబాలు అనే దగ్గర ఆగింది. మళ్ళీ చదివింది.

నేను వెనక్కి తిరగలేదు. "ఎవరో పనిలేనివాళ్ళు" అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుందని నాకే తెలుస్తోంది. పాలు పొంగిపోయాయి.

"డాడ్" అంది.

మార్తా వచ్చేదాకా ఇద్దరం ఆ వంటింట్లోనే ఉన్నాం. స్టవ్ తుడుస్తూనే ఉన్నాను. మార్తా రాగానే అబిగేయిల్ చెప్పేసింది. మార్తా యూనిఫాంలోనే కుర్చీలో కూలబడింది.

"ఆ ఓస్వాల్డో మా వార్డులోనే పోయాడు. వాళ్ళావిడని ఫోన్లో చూపించింది నేనే. మీరెట్టా రాశారండీ?"

"డప్పులు ఆపమని రాశానే, మనిషిని ఆపమని రాశానా?"

"ఇదిగో, ఇట్టా మాట్లాడితే నా ఎదురుగా నిలబడబాకండి" అంది.

అబిగేయిల్ మాత్రం, "యూ టెల్ రోజాంజెలా. ఐ వోంట్ డూ ఇట్ ఫర్ యూ" అంది.

13 మార్చి

చెప్తాను.

20 మార్చి

చెప్తాను. లీజు గురించి ట్రస్టువాళ్ళతో మీటింగ్ ఒకటుంది ఏప్రిల్లో. దానికి ముందు చెప్పేస్తాను.

2 ఏప్రిల్, గుడ్ ఫ్రైడే

జూమ్‌లో ఆరాధన. సిలువ మీది ఏడు మాటల్ని ఏడుగురికి పంచుతారు కదా, మొదటిది నాకిచ్చారు. క్షమాపణ గురించినది. పదిహేను నిమిషాలు మాట్లాడాలి. రెండు వాక్యాలతో ఆపేశాను. నెట్ బాగాలేదని చెప్పి బయటికొచ్చేశాను. నెట్ శుభ్రంగా ఉంది.

అబిగేయిల్ నాతో మాట్లాడి మూడు వారాలు. ఉప్పు కావాలన్నా మార్తాతోనే చెప్తోంది.

15 ఏప్రిల్

రోజాంజెలా మెసేజ్: "మీటింగులో మీకు మూడు నిమిషాలు అడిగాను. మీరు మాట్లాడితే వింటారు. థాంక్యూ మై ఫ్రెండ్."

తేలు కుట్టిన దొంగలా ఎన్నాళ్ళు?

22 ఏప్రిల్, గురువారం

అయిపోయింది. జరిగినట్టే రాస్తాను.

పొద్దున పదకొండింటికి జూమ్‌లో మీటింగ్. ట్రస్టు కమిటీ ఐదుగురు. తెల్లజుట్టు ఆవిడ చైర్‌పర్సన్. రోజాంజెలా హాల్లోంచే మాట్లాడింది, వెనకాల గోడకి పండగ బట్టలు వేలాడుతున్నాయి. బాగా చెప్పింది. తర్వాత నా పేరు పిలిచారు.

తొమ్మిది లైన్లూ చదివాను. అంతటితో ఆగుంటే సరిపోయేది. కానీ చైర్‌పర్సన్ ఫిర్యాదు తీసింది.

"మిస్టర్ దానం, మీరూ ఆ హాలు వాడుకునేవారే కాబట్టి అడుగుతున్నాను. ఇందులో ఒక వృద్ధుడి గుండె సంగతి ఉంది. ఆయనెవరో మీకు తెలుసా? ఆయన ఎలా ఉన్నారోనని మేము చాలా ఆందోళనపడ్డాం. ఆయనకి మళ్ళీ ఏమీ కాకూడదనే మొన్న జనవరిలో కూడా యార్డు తెరవలేదు."

ఏడాదిన్నరగా ఆ ముసలాయన గురించి బెంగ పెట్టుకున్నారు. లేని ముసలాయన. నేను పది నిమిషాల్లో టీ తాగుతూ పుట్టించిన ముసలాయన. ఆయన గుండె కోసం ఓస్వాల్డోని చప్పుడు లేకుండా పంపించారు.

"అలాంటి పెద్దాయన ఎవరూ లేరు మేడమ్. ఆ ఉత్తరం రాసింది నేను" అన్నాను.

చెప్పుకుపోయాను. పిల్లలకి జ్వరాలు రాలేదని, కుటుంబాలు నలభై కాదు పదకొండని, నన్నెవరూ రాయమనలేదని, వాళ్ళు ఇరవై నిమిషాలు ముందు మొదలుపెట్టడం ఒక్కటే నిజమని. మా దగ్గర అర్జీలు అలాగే రాస్తారని చెప్పబోయాను. నోటిదాకా వచ్చి ఆగింది. అది కూడా అర్జీయే అవుతుందనిపించింది. సారీ అని ఆపేశాను.

రోజాంజెలా గడిలో కెమెరా ఆరిపోయింది. పేరొక్కటే మిగిలింది.

జోజి అయ్యగారు కూడా ఉన్నారు మీటింగులో. ఆయన తల దించుకున్నారు. ప్రార్థన చేస్తున్నారో, సిగ్గుపడుతున్నారో.

23 ఏప్రిల్

తల తేలిగ్గా ఉంటుందంటారే, నిజం చెబితే. ఎవరన్నారో వాళ్ళని చూడాలి.

28 ఏప్రిల్, బుధవారం

ఫిర్యాదుని కొట్టేశారు. లీజు ఏడాది పొడిగించారు. అబిగేయిల్ ఫోన్లో చూసి, మార్తాకి చెప్పింది. మార్తా నాకు చెప్పింది. ముగ్గురం ఒకే గదిలో ఉన్నాం.

1 మే, శనివారం

హాలు గేటు దగ్గరికి వెళ్ళాను. రోజాంజెలా మెట్లు కడుగుతోంది. సారీ అన్నాను. చీపురు ఆపలేదు.

"ఆ నవంబరంతా మీరు నాకు గుడ్ ఈవెనింగ్ చెబుతూనే ఉన్నారు" అంది.

"అవును."

"ఇరవై నిమిషాలే కదా? తలుపు తట్టి ఒక్క మాటంటే ఆపేసేవాళ్ళం. నేనేమన్నా సింహాన్నా?"

తలుపు తట్టి మాట్లాడటం నాకు రాదు. కాగితం మీదైతే ఎవరితోనైనా పోట్లాడతాను.

"నాకు సారీ చెప్పకండి. నా హాలు నాకొచ్చింది. నెయిదేకి ఏమొచ్చింది?" అని బకెట్ ఎత్తి నీళ్ళు కుమ్మరించింది. నా బూట్లు తడిశాయి. కావాలనే అనుకుంటాను.

నెయిదే ఓస్వాల్డో భార్య.

5 మే

ఉత్తరం రాసి ఆమె తలుపు సందులో వేస్తే?

వద్దు.

9 మే, ఆదివారం

నెయిదేకి ఇంగ్లీషు రాదు. అబిగేయిల్‌కి ఆ భాష డప్పులతోపాటు ఓ మోస్తరు వచ్చింది. నిన్న దాని గది తలుపు తట్టాను. "నువ్వు నా బదులు చెప్పొద్దు. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు చాలు" అన్నాను. "గ్రాండ్" అంది. ఈ దేశంలో ఆ మాటకి సరేనని మాత్రమే అర్థం, సంతోషమని కాదు.

ఇవాళ వెళ్ళాం, చికెన్ షాపు మీద రెండో అంతస్తు. నెయిదే మాస్కు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. మేం మెట్ల దగ్గర. చిన్న మనిషి, నల్ల కార్డిగన్. మార్తాని ఫోన్లో చూసిందట, "ఆ నర్సు మీ ఆవిడా?" అని అడిగింది మొదట. అవునన్నాను. ఆమె చేయి గుండెకి ఆనించుకుంది. అప్పుడే వెనక్కి వెళ్ళిపోదామనిపించింది.

ఇంగ్లీషులో మొదలుపెడితే అర్జీ భాష వచ్చేస్తుంది. అందుకని తెలుగులోనే చెప్పాను. ఆ ఉత్తరం రాసింది నేనేనని, గేటుకి తాళం పడింది నా మూలానేనని. అబిగేయిల్ ఒక్కొక్క మాటే తీసి ఆమెకి ఇచ్చింది.

నెయిదే ఒకటే అడిగింది. "ఆయన డప్పు మీకు అంత బాధగా ఉండేదా?"

లేదన్నాను. ఇంతవరకూ డైరీలో కూడా రాయనిది అప్పుడు చెప్పాను. బాధగా లేదు, బాగుండేది. అదే నా బాధ. మేం పదకొండిళ్ళవాళ్ళం, కుర్చీలు సగం ఖాళీ. లోపల ప్రార్థన జరుగుతుంటే మా పిల్లలు ఒక్కొక్కరే జారుకుని యార్డులోకి పోయేవాళ్ళు, నా కూతురు అందరికంటే ముందు. మీ వైపు జనం, మా వైపు కుర్చీలు. ఓర్చుకోలేకపోయాను. పదకొండని రాయడం నామోషీ అనిపించి నలభై అని రాసుకున్నాను.

అబిగేయిల్ నా మొహంలోకి చూసింది. తర్వాత చెప్పింది ఆమెకి.

నెయిదే చాలాసేపు మాట్లాడింది. తడుముకోకుండా, కోపం లేకుండా. అబిగేయిల్ ముక్కు తుడుచుకుంది.

"షీ సేస్, హీ స్టార్టెడ్ అర్లీ ఫర్ అస్."

వాళ్ళ ఊళ్ళో పండగనాడు చర్చిలోంచి జనం బయటికొస్తుంటే వాకిట్లో డప్పులు కొట్టి సాగనంపుతారట. అది మర్యాదట. ఎవరూ లేని దేశంలో పాపం ఈ కొద్దిమందీ వానలో వచ్చి ప్రార్థన చేసుకుని ఊరికే పోవడమేమిటని ఓస్వాల్డో అనేవాడట. మన ప్రార్థన ఎప్పుడు ముగుస్తుందో ఆయనకి తెలీదు. జోజి అయ్యగారి ప్రార్థన ఎప్పుడు ముగుస్తుందో ఎవరికీ తెలీదు. అందుకని ముందే మొదలుపెట్టేవాడట, మనలో ఒక్కరు కూడా చప్పుడు లేకుండా వెళ్ళిపోకూడదని.

ఆమె నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. వాళ్ళ భాషలో వీడ్కోలుగా "చావ్" అని మెల్లిగా తలుపేసుకుంది.

మెట్లు దిగుతూ మధ్యలో ఒక మెట్టు మీద కూర్చుండిపోయాను. అబిగేయిల్ అప్పటికే కిందికి వెళ్ళిపోయింది. తర్వాత మళ్ళీ పైకొచ్చి, నా పక్క మెట్టు మీద కూర్చుంది.